డిశ్చార్జ్ తర్వాత 30 రోజులు ఎవరి బాధ్యత?

(మొహల్లా కుటుంబాల ఆరోగ్య హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాధారణంగా ఇటువంటి వేదికలపై మనం రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, విద్యార్థుల ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమైనవే. ఈ రోజు మాత్రం అంతగా ఎవరూ మాట్లాడని ఒక విషయాన్ని మీ ముందుంచదలిచాము. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పి ఆసుపత్రి వారు ఇంటికి పంపిన తరువాత, ఇంట్లో మంచం మీద చీము పట్టే గాయం గురించి. ఆ గాయం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న గురించి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాము. మేము మూడు దశాబ్దాలకు పైగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేశాము. ఉద్యోగుల వైద్య ఖర్చుల బిల్లులు కొన్నేళ్ళపాటు మా బల్ల మీదుగానే వెళ్ళేవి. ఒకసారి ఒక అటెండరు తన భార్య ఆపరేషన్ బిల్లులు పెట్టుకున్నాడు. ఆసుపత్రి బిల్లుతోపాటు, ఇంటికి వచ్చిన తరువాత ఇరవై రోజులపాటు కట్టు మార్పించిన రసీదులు, మందుల చీటీలు కూడా జతచేశాడు. డిశ్చార్జ్ తేదీ తరువాతి బిల్లులు అనుమతించదగినవి కావని ఎర్ర సిరాతో రాసి ఫైలు తిప్పి పంపాము. నిబంధన ప్రకారం మేము చేసింది సరైనదే. అతడు మా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, డిశ్చార్జ్ అయింది మనిషి. గాయం డిశ్చార్జ్ కాలేదు" అన్నాడు. ఆ రోజు ఆ మాటను మేము పట్టించుకోలేదు. ఉద్యోగ విరమణ చేసి, మొహల్లాలో రోగుల వెంట ఆసుపత్రులకు తిరగడం మొదలుపెట్టాక గాని ఆ మాటలోని సత్యం మాకు బోధపడలేదు.

ఆపరేషన్ కోసం కోసిన చోట సూక్ష్మక్రిములు చేరి గాయం చెడడాన్ని వైద్యులు శస్త్రచికిత్స గాయపు ఇన్ఫెక్షన్ అంటారు. ఆపరేషన్ జరిగిన రోజు నుండి 30 రోజుల లోపు గాయం చెడితే, దానిని ఆ ఆపరేషన్‌కు సంబంధించిన ఇన్ఫెక్షన్‌గానే లెక్కించాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఎముకలో రాడ్డు, హెర్నియాకు వేసే జాలీ వంటివి శరీరంలో అమర్చిన కొన్ని ఆపరేషన్లలో ఈ గడువు 90 రోజులు. అంటే గాయం కథ 30 రోజులు, 90 రోజులు నడుస్తుందని శాస్త్రమే ఒప్పుకుంటున్నది. మన ఆసుపత్రులలో రోగి ఉండేది మూడు రోజులు, అయిదు రోజులు, మహా అయితే వారం. మిగిలిన కాలమంతా గాయం ఇంట్లోనే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఈ విషయంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. పేద, మధ్య ఆదాయ దేశాలలో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో 11 మందికి ఇన్ఫెక్షన్ సోకుతున్నదని ఆ సందర్భంగా చెప్పింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో ఢిల్లీ, మణిపాల్, ముంబయి నగరాలలోని మూడు పెద్ద ఆసుపత్రులలో సుమారు మూడు వేల మంది రోగులను పరిశీలించారు. వారిలో 5 శాతానికి పైగా రోగుల గాయాలు చెడ్డాయి. మనం గుర్తుపెట్టుకోవలసిన అంశం మరొకటి ఉన్నది. అలా చెడిన గాయాలలో దాదాపు మూడింట రెండు వంతులు బయటపడింది రోగి ఇంటికి వెళ్ళిన తరువాతనే. పరిశోధకులు రోగులను వదలకుండా వాకబు చేశారు కనుక అవి లెక్కలోకి వచ్చాయి. వాకబు చేయని ఆసుపత్రి రిజిస్టరులో ఆ రోగులందరూ "కోలుకొని ఇంటికి వెళ్ళినవారు"గానే మిగిలిపోతారు. ఆ రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది. గాయపు ఖర్చు మాత్రం కుటుంబం మీద పడుతుంది.

ఇది అందరి సమస్యే. రోగానికి మతం లేదు. అయినా ఈ భారం మన కుటుంబాల మీద ఎందుకు ఎక్కువగా పడుతున్నదో ఆలోచించవలసిన అవసరం ఉన్నది.

మొదటి కారణం మన జీవనోపాధి. ముస్లిములలో స్వయం ఉపాధి మీద ఆధారపడినవారు ఎక్కువని, వీధి వ్యాపారాలలో వారి వాటా అధికమని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూపింది. తోపుడుబండి, పంక్చరు దుకాణం, ఆటో, వెల్డింగు, దర్జీ పని. ఈ పనులలో సెలవు ఉండదు. ప్రభుత్వోద్యోగికి ఆపరేషన్ అయితే వైద్య సెలవు మీద జీతం వస్తుంది. ఆ సెలవును మేమూ వాడుకున్నాము. తోపుడుబండి సోదరునికి మాత్రం బండి కదలని రోజు పొయ్యి వెలగదు. అందుకే కుట్లు మానకముందే బరువులు ఎత్తుతాడు, దుమ్ములో నిలబడతాడు, చెమటతో తడిసిన కట్టుతో ఇంటికి వస్తాడు.

రెండవ కారణం మన స్త్రీల పరిస్థితి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాలలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతమే. ఇన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమా అన్నది వేరే చర్చ. కాని, ఇన్ని లక్షల మంది తల్లులు పొట్ట మీద కోతతో ఇంటికి వస్తున్నారన్నది వాస్తవం. బిడ్డ బాగుంటే చాలని తల్లి గాయాన్ని ఇంటిల్లిపాదీ మరచిపోతారు. మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గు, అత్తగారికి చెప్పడానికి బిడియం, భర్తను మళ్ళీ ఖర్చులో పడవేస్తానేమోనన్న భయం. ఈ మూడింటి మధ్య గాయం చీము పడుతుంది.

మూడవ కారణం భాష. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బజారులో మాట్లాడేది తెలుగు. ఏ లక్షణం కనిపిస్తే పరుగున రావాలో ఆ కాగితంలో రాసి ఉన్నా, చదవగలిగినవారు ఇంట్లో ఉండరు.

ఇక్కడ మా మొహల్లాలో జరిగిన ఒక సంఘటన చెబుతాము. ఆ సోదరుని పేరు గాని, ఆసుపత్రి పేరు గాని చెప్పము.

అతడు తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవాడు. ఆరోగ్యశ్రీ కింద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పేగుకు సంబంధించిన ఆపరేషన్ జరిగింది. ఆరవ రోజు ఇంటికి పంపారు. నాలుగు రోజులకు కుట్ల దగ్గర నొప్పి మొదలైంది. వీధి చివరి ఆర్‌ఎంపీ సూది మందు వేసి, మాత్రలు ఇచ్చాడు. తగ్గకపోతే మరొక రకం మాత్రలు ఇచ్చాడు. పొరుగింటివారు చెప్పారని గాయం మీద పసుపు, కొబ్బరినూనె రాశారు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే దురద పెడుతుందని అన్నం, చారు మాత్రమే పెట్టారు. రెండవ వారంలో కుట్ల మధ్య నుండి చీము కారడం మొదలైంది. భార్య అతడిని ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. "మీ ప్యాకేజీ అయిపోయింది. మళ్ళీ చేరాలంటే డబ్బు కట్టాలి" అని కౌంటరులో చెప్పారు. ఆమె చెవి కమ్మలు కుదువపెట్టి, మరొక చిన్న క్లినిక్కులో రోజూ కట్టు మార్పించడం మొదలుపెట్టింది.

ఈ సంగతి మాకు ఎలా తెలిసిందో చెప్పడానికి సిగ్గుపడుతున్నాము. అతడు వరుసగా రెండు జుమా నమాజులకు రాలేదు. ఎప్పుడూ రెండవ వరుసలో కుడివైపు చివర నిలబడే మనిషి. మొదటి శుక్రవారం అతడు లేడని మేము గమనించాము. గమనించి ఊరుకున్నాము. రెండవ శుక్రవారం తరువాత గాని అతని ఇంటి తలుపు తట్టలేదు. అప్పటికి అతని ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నది.

మా బృందంలోని యువకుడు ఒకరు డిశ్చార్జ్ కాగితం చదివారు. అందులో ఆరోగ్యశ్రీ కేసు నంబరు ఉన్నది. ఆరోగ్యశ్రీ నిబంధనలలో ఆపరేషన్ ప్యాకేజీ గురించి స్పష్టంగా ఉన్నది. డిశ్చార్జ్ తరువాత 10 రోజుల మందులు అందులో భాగం. ఆపరేషన్ వలన తలెత్తే చిక్కులకు డిశ్చార్జ్ తరువాత 30 రోజుల వరకు చికిత్స కూడా అందులో భాగమే. అతడు ఇంటికి వచ్చి అప్పటికి పదహారు రోజులే అయింది. మేము అతడిని అదే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, కౌంటరు దగ్గర వాదించకుండా నేరుగా ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కూర్చున్నాము. తెలుగులో అర్జీ రాసి, తేదీ వేసి, ఒక ప్రతి మీద అందినట్టు సంతకం అడిగాము. అక్కడి నుండే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. మధ్యాహ్నానికి అతడిని చేర్చుకున్నారు. కుట్లు విప్పి గాయం శుభ్రం చేశారు. చీమును ప్రయోగశాలకు పంపి, ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో చూసి మందు మార్చారు. పదకొండు రోజులు ఉంచుకున్నారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. అల్‌హందులిల్లాహ్, మనిషి బతికాడు.

కాని ఆ సోదరి కమ్మలు మేము ఆఖరుసారి అడిగిన రోజు వరకు కుదువలోనే ఉన్నాయి. బండి నిలిపే చోటును మరొకరు ఆక్రమించుకున్నారు. పెద్ద కొడుకు రెండు నెలలు బడికి పోకుండా పనికి వెళ్ళాడు. హక్కు పుస్తకంలో ఉన్నది. పదహారు రోజులపాటు ఆ ఇంటికి దానిని చెప్పినవారు లేరు. దీనికి ఆసుపత్రి ఎంత బాధ్యురాలో, రోజూ అయిదు పూటలు ఆ వీధిలో నడిచే మేమూ అంత బాధ్యులమే.

మరణం దాకా పోయిన ఉదంతం కూడా మన రాష్ట్రంలో ఉన్నది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇంటికి వెళ్ళిన తరువాత కొందరు అస్వస్థతకు గురయ్యారు. నలుగురు తల్లులు మరణించారు. ఇన్ఫెక్షనే కారణమని ప్రభుత్వ విచారణలో తేలింది. మిగిలిన వారిని హైదరాబాదులోని ఆసుపత్రులకు తరలించి చికిత్స చేశారు. మరణ వార్త వచ్చిన తరువాత మిగిలిన ఇళ్ళకు వైద్యసిబ్బంది చూపు చేరింది. ఆ చూపు మరుసటి రోజే ప్రతి ఇంటికీ చేరి ఉండవలసింది కదా అన్నదే మా ప్రశ్న.

ఇప్పుడు ఇంట్లో మనం చేయవలసినవి, చేయకూడనివి చెబుతాము. మేము వైద్యులము కాము. వైద్యుల నుండి, నర్సమ్మల నుండి, మార్గదర్శకాల నుండి నేర్చుకున్నవి మాత్రమే చెబుతున్నాము.

ఆపరేషన్‌కు ముందు రోజు గాని, ఆ రోజు గాని సబ్బుతో స్నానం చేయాలి. కోసే చోట వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయకూడదు. బ్లేడు గాట్లలోనే క్రిములు చేరతాయి. తీయడం తప్పనిసరి అయితే ఆసుపత్రివారు క్లిప్పరుతో కత్తిరిస్తారు. మధుమేహం ఉంటే ముందే చెప్పాలి, చక్కెరను అదుపులో ఉంచాలి. సిగరెట్టు, బీడీ మానాలి. పొగ తాగే వారి గాయం త్వరగా మానదు.

ఇంటికి వచ్చిన తరువాత వైద్యుడు చెప్పిన రోజు వరకు కట్టును తడపకూడదు, విప్పకూడదు. కట్టు మార్చేవారు ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గాయం మీద పసుపు, నూనె, బూడిద, కాఫీ పొడి, మందుల దుకాణం పొడులు ఏవీ వేయకూడదు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, మాంసం వైద్యుడు వద్దని చెప్పనంతవరకు తినవచ్చు. తెగిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. పథ్యం పేరిట రోగిని ఎండగడితే గాయం ఎలా మానుతుంది?

రోగిని పరామర్శించడం మన ధర్మం. ఇయాదత్‌కు వెళ్ళినవారు కాసేపు కూర్చొని, దుఆ చేసి, లేచి రావాలి. రోగి మంచం మీద కూర్చోకూడదు, గాయం తెరిపించి చూడకూడదు. చంటిబిడ్డను చూడడానికి వచ్చిన బంధువులు తల్లి పక్క మీదే చేరడం మన ఇళ్ళలో అలవాటు. ఈ అలవాటు మానుకోవాలి.

వుజూ, గుస్ల్ విషయంలో చాలామంది సోదరీమణులు సంకటపడుతున్నారు. నమాజు పోతుందేమోనని గాయం మానకముందే కట్టు తడిపేవారిని మేము చూశాము. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పినప్పుడు, మిగిలిన భాగాలను కడిగి కట్టు మీద మసహ్ చేయడానికి, దానికీ వీలు లేకపోతే తయమ్ముమ్ చేయడానికి ధర్మంలో వెసులుబాటు ఉన్నది. వంగలేనివారు కూర్చొని నమాజు చేయవచ్చు. రమజానులో రోగి ఉపవాసాలను కోలుకున్నాక పూర్తి చేసుకోవచ్చు. వివరాలకు మీ ఇమాము గారిని అడగండి. ఇమాములకు మా మనవి ఏమిటంటే, ఈ మసాయిల్‌ను ఏడాదికి ఒకటి రెండుసార్లయినా జుమా ప్రసంగంలో చెప్పండి. పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా నేర్చుకున్న సమాజం మనది. గాయపు శుభ్రత కూడా అందులో భాగమే కదా.

ప్రమాద సూచనలు గుర్తుపెట్టుకోండి. నొప్పి రోజురోజుకూ తగ్గవలసింది పోయి పెరగడం, గాయం చుట్టూ వాపు, వేడి, ఎరుపు, చీము లేదా దుర్వాసన, కుట్లు విడిపోవడం, జ్వరం 100.4 డిగ్రీలకు చేరడం లేదా చలితో వణకడం. చామనచాయ శరీరం మీద ఎరుపు స్పష్టంగా కనిపించకపోవచ్చు. వేడి, వాపు, నొప్పిని బట్టి తెలుసుకోవాలి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళాలి. ఆర్‌ఎంపీ దగ్గర, మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మార్చి మార్చి వాడితే క్రిమి మొండిదవుతుంది. తరువాత అసలు మందు కూడా పనిచేయకుండా పోయే ప్రమాదం ఉన్నది.

ఇక హక్కుల సంగతి. గుమాస్తాగా బతికినవారము కనుక కాగితం విలువ మాకు తెలుసు.

ఒకటి. డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీలు, పరీక్షల నివేదికలు ఒక సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. గాయం చెడినట్టు అనుమానం వస్తే రోజూ ఫోనులో ఒక ఫొటో తీయండి. స్త్రీల గాయం ఫొటో ఆమె ఫోనులోనే ఉండాలి. వైద్యుడికి తప్ప ఎవరికీ పంపకూడదు.

రెండు. ఆరోగ్యశ్రీలో డిశ్చార్జ్ తరువాత 30 రోజుల సంగతి చెప్పాము. కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ పథకంలో ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత 15 రోజుల వరకు పరీక్షలు, మందులు ప్యాకేజీలోనివే. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవమైన తల్లికి, సిజేరియన్ అయినా సరే, 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, వాహనం ఉచితం. ప్రసవానంతర చిక్కులను కూడా తరువాత అందులో చేర్చారు. కౌంటరులో "అయిపోయింది" అంటే, ఆ మాటను కాగితం మీద రాసి ఇవ్వమని వినయంగా అడగండి. రాసి ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు. అక్కడి నుండే చర్చ మొదలవుతుంది.

మూడు. వైద్య రికార్డులు అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి 2002లోనే చెప్పింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపింది. మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ పక్కన ఉండేలా చూడాలన్నది అందులోని హక్కులలో ఒకటి. మన సోదరీమణులు సిగ్గుతో గాయం దాచుకోవలసిన పని లేదు. నర్సమ్మను పక్కన ఉంచమని అడగండి. అది దయ కోరడం కాదు.

నాలుగు. డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఫిర్యాదు చేయడానికి రెండేళ్ళ గడువు ఉన్నది. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. చీము పట్టిన ప్రతి గాయమూ వైద్యుని నిర్లక్ష్యం కాదు. అన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని గాయాలు చెడతాయి. గాయం చెడడం నేరం కాకపోవచ్చు. చెడిన గాయంతో వచ్చిన రోగిని గుమ్మం నుండి తిప్పి పంపడం మాత్రం తప్పు. ఆసుపత్రి మీద రాళ్ళు వేయడం, డాక్టరు మీద చెయ్యి చేసుకోవడం మనకు శోభించదు, పనికీ రాదు. కాగితం, తేదీ, సంతకం, ఓపిక. వీటితోనే ఆ పండ్ల సోదరుని కేసు గెలిచాము.

ప్రభుత్వాలను మనం అడగవలసినవి కూడా ఉన్నాయి. తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. కనుక డిశ్చార్జ్ సమయంలో ప్రమాద సూచనలు, ఫోను నంబరు, 30 రోజుల హక్కు తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో ఒక పేజీలో ఇవ్వాలి. ఆపరేషన్ అయిన ప్రతి రోగికి మొదటి వారంలో ఒకసారి, నెలాఖరున ఒకసారి ఆసుపత్రి ఫోను చేయాలి. చంటిబిడ్డ ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త 42వ రోజు వరకు నిర్ణీత రోజులలో వెళ్ళే ఏర్పాటు ఇప్పటికే ఉన్నది. ఆ ఏర్పాటులో తల్లి గాయాన్ని చూడడం తప్పనిసరి చేయాలి. ఇతర ఆపరేషన్ల రోగులకూ దానిని విస్తరించాలి. కట్టు మార్పించుకోవడానికి మైళ్ళ దూరం పోకుండా బస్తీ దవాఖానాలలో, పల్లె దవాఖానాలలో ఆ సదుపాయం ఉండాలి. కూలి పోయే రోజులకు భృతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో ఆపరేషన్ తరువాతి విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండా ఇచ్చే పథకం ప్రారంభించారు. విశ్రాంతి కూడా చికిత్సలో భాగమేనన్న సూత్రాన్ని ఒక ప్రభుత్వం ఒకసారి ఒప్పుకున్నది. ఆ సూత్రాన్ని ఏ ప్రభుత్వం వచ్చినా నిలబెట్టుకోవాలని అడుగుదాం.

ఈ ఆలోచన మన చరిత్రకు కొత్తది కాదు. 1284లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ ఒక గొప్ప ఆసుపత్రిని కట్టించి, దాని నిర్వహణకు వక్ఫ్ ఆస్తులు కేటాయించాడు. అక్కడ కోలుకొని వెళ్ళే పేద రోగికి, వెంటనే పనికి పరుగెత్తనవసరం లేకుండా కొంత సొమ్ము ఇచ్చి పంపేవారని వైద్య చరిత్రకారులు చెబుతారు. రోగి గుమ్మం దాటినంత మాత్రాన బాధ్యత తీరదని ఏడు శతాబ్దాల నాటి వక్ఫ్ గుర్తించింది. మన కాలపు మస్జిద్ కమిటీలు ఆ పని కొంతైనా చేయలేవా?

మేము ప్రతిపాదించేది ఒక నోటుపుస్తకం. అంతే. ప్రతి మస్జిద్‌లో, ప్రతి మొహల్లాలో ఒక పుస్తకం. ఎవరి ఇంట్లో ఆపరేషన్ జరిగినా, వారు ఇష్టపడితే, ఇంటికి వచ్చిన తేదీ అందులో రాస్తాము. 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు, 30వ రోజు ఆ ఇంటికి ఒకరు వెళతారు. స్త్రీల దగ్గరకు స్త్రీలే వెళతారు. గాయం చూడనవసరం లేదు. నొప్పి తగ్గుతున్నదా, జ్వరం ఉన్నదా, చీము వస్తున్నదా, కట్టు ఎవరు మారుస్తున్నారు అని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అనుమానం ఉంటే కాగితాల సంచితో ఆసుపత్రికి తోడు వెళతారు. జకాత్‌కు అర్హులైన కుటుంబానికి ఆ నెల రేషను అందేలా చూస్తారు. దాంతో ఆ సోదరుడు కుట్లతో బండి తోయనవసరం ఉండదు. పొరుగున హిందూ కుటుంబం ఉన్నా, క్రైస్తవ కుటుంబం ఉన్నా ఆ ఇంటి తలుపు కూడా తట్టాలి. గాయానికి లేని మతం మన పుస్తకానికి ఎందుకు?

మా మొహల్లాలో ఆ పుస్తకం మొదలైంది. మొదటి పేజీలో మొదటి పేరు ఆ పండ్ల సోదరునిది. అతనికి అవసరమైనప్పుడు ఆ పుస్తకం లేదు. అయినా ఆ పేరే ముందు రాశాము. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళేవారిలో అతని భార్య కూడా ఒకరు. కౌంటరులో ఏమంటారో, దానికి ఏమి బదులు చెప్పాలో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఆనాటి ఫైలు మీద మేము రాసిన ఎర్ర సిరా అక్షరాలను చెరిపే వీలు ఇప్పుడు మాకు లేదు. మిగిలిన జీవితంలో ఆ అటెండరు మాటకు న్యాయం చేయాలని మా ప్రయత్నం. ఈ రోజు ఇక్కడి నుండి వెళ్ళిన తరువాత, మీ వీధిలో ఈ నెలలో ఆపరేషన్ అయినవారు ఎవరో ఒక్కసారి వాకబు చేయండి. ఒక తలుపు తట్టండి. చాలు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారి సేవకు నిలబడే ఓపికను మనకూ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలామ్.